చర్చ: ‘ఐ యామ్ హావింగ్’ ఎక్కడ తప్పుతోంది?

కొత్తపలక:
మొన్న ఒక ఇంటర్వ్యూలో ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’ అన్నాను. ఎదుటివారు చిన్నగా నవ్వి, ‘ఐ హావ్’ అని సరిదిద్దారు. ‘యామ్, ఈజ్, ఆర్’ తరువాత క్రియకు ‘ఇంగ్’ చేర్చాలన్న ప్రెజెంట్ కంటిన్యూయస్ సూత్రం నాకు బడిలోనే కంఠతా వచ్చింది. దాన్ని ఎక్కడ వాడకూడదో మాత్రం నేటికీ అంతుపట్టడం లేదు. మీరెలా నేర్చుకున్నారో చెప్పగలరా?

తీరికవేళ:
నాకు దారి చూపింది తెలుగే. ‘చదువుతున్నాను’ను విడదీస్తే ‘చదువుతూ ఉన్నాను’ అవుతుంది. అందులో ‘తూ’ది ‘ఇంగ్’ చేసే పని, ‘ఉన్నాను’ది ‘యామ్’ చేసే పని. తమ్ముళ్లు ‘ఉన్నారు’ అంటామే తప్ప ‘ఉంటూ ఉన్నారు’ అనం కనుక అక్కడ ‘ఇంగ్’కు చోటు లేదు. అదే ‘హావ్’కు తినడం అనే అర్థం వచ్చినప్పుడు ‘ఐ యామ్ హావింగ్ లంచ్’ నిక్షేపంగా చెల్లుతుంది.

నల్లబల్ల:
తీరికవేళ గారి కొలత బాగుంది కానీ, దాన్నే పట్టుకుంటే మరోచోట బోల్తా పడతాం. ‘నమ్ముతున్నాను’, ‘అర్థమవుతోంది’ అని మనం సహజంగానే అంటాం. ఇంగ్లీషులో మాత్రం సాధారణంగా ‘ఐ బిలీవ్’, ‘ఐ అండర్‌స్టాండ్’ అనాలి, ఎందుకంటే నమ్మకం, ఎరుక, ఇష్టం వంటివాటిని ఆ భాష పనులుగా కాక స్థితులుగా లెక్కిస్తుంది.

ఇంతకన్నా నన్ను ఏడిపించింది ‘నుంచి’. ‘5 ఏళ్ల నుంచి పనిచేస్తున్నాను’ అనడానికి ‘ఐ యామ్ వర్కింగ్ సిన్స్ ఫైవ్ ఇయర్స్’ అని చాలాకాలం రాశాను, అదీ ఉద్యోగ దరఖాస్తుల్లో. గతంలో మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి ‘ఐ హావ్ బీన్ వర్కింగ్’ కావాలి. 5 ఏళ్లు వ్యవధి కనుక దానికి ‘ఫర్’, 2019 వంటి మొదలుకు ‘సిన్స్’.

తీరికవేళ:
ఒప్పుకుంటున్నాను, ‘నమ్ముతున్నాను’ నా కొలతకు లొంగదు.

చివరిబెంచీ:
ఒక ఊరట కూడా ఉంది. ‘రేపు బయలుదేరుతున్నాను’ అన్నట్టే ఇంగ్లీషులోనూ ముందే నిశ్చయమైన ప్రయాణానికి ‘ఐ యామ్ లీవింగ్ టుమారో’ అనవచ్చు. ‘రోజూ నడుస్తున్నాను’ అన్న అలవాటు మాత్రం ‘ఐ వాక్ ఎవ్రీ డే’ అవుతుంది.

కొత్తపలక:
ఇలా రాసి చూశాను: ‘ఐ హావ్ టూ బ్రదర్స్. ఐ హావ్ బీన్ లెర్నింగ్ ఇంగ్లిష్ ఫర్ టెన్ ఇయర్స్. ఐ యామ్ థింకింగ్ దట్ ఇట్ ఈజ్ డిఫికల్ట్.’ సరిపోయిందా?

నల్లబల్ల:
మొదటి రెండూ సరిగ్గా ఉన్నాయి. మూడోది మీ అభిప్రాయం కనుక ‘ఐ థింక్’ అనండి. ఇంకా ఎటూ తేల్చుకోక ఆలోచిస్తూనే ఉంటే ‘ఐ యామ్ థింకింగ్ అబౌట్ ఇట్’ అనవచ్చు.