పిల్లలకి సెల్ఫ్ ఎస్టీమ్ నేర్పాలా, తగ్గింపు నేర్పాలా? మా యూత్ మీటింగులో మొదలైన చర్చ

గుణుపూర్ టీచరమ్మ

అందరికీ వందనాలు. మొన్న ఆదివారం మా చర్చిలో యూత్ మీటింగుకి వైజాగ్ నుంచి ఒక బ్రదర్ వచ్చి మాట్లాడేరు, నిన్ను నువ్వు ప్రేమించుకోకపోతే పక్కోణ్ణి ఏం ప్రేమిస్తావు, ముందు సెల్ఫ్ ఎస్టీమ్, అంటే నాకూ విలువుంది అనే నమ్మకం, పెంచుకోండి అని. పిల్లలు ఒకటే చప్పట్లు. ఆయన కూర్చోగానే మా సంఘ పెద్ద ఒకాయన లేచి ఇవన్నీ లోకపు మాటలు, దేవుడి ముందు మనం పురుగులం, 22వ కీర్తనలో దావీదే ఆ మాట అన్నాడు అనేసేరు. అప్పట్నుంచి ఊళ్లో రెండు జట్లయిపోయేయి.

నాకిది ఉత్త వాదన కాదండి. నా క్లాసులో ఒకమ్మాయి ఉంది, లెక్కల్లో స్కూలు మొత్తానికి ఫస్టు. ప్రైజు ఇస్తాం రామ్మా అని స్టేజీ మీదకి పిలిస్తే వెళ్లదు. "నాదేం లేదు టీచర్, అంతా దేవుడి కృప" అంటాది, తలెత్తదు, చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ నిలబడుతాది. అది తగ్గింపో, అంటే వినయమో, భయమో నాకు తెలీట్లేదు. మన ఒడిశా-ఆంధ్రా బోర్డర్ పిల్లల సంగతి మీకు చెప్పక్కర్లేదు, ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, ఇక్కడ ఆఫీసుకెళ్తే తెలుగోళ్లంటారు, పాతపట్నం దాటితే ఒడియావోళ్లంటారు. ఇలాంటి పిల్లకి ఇంకా తగ్గు తగ్గు అని ఎలా చెప్పమంటారు?

పర్లాకిమిడి పెద్దాయన

అమ్మా, మీ సంఘ పెద్ద కటువుగా చెప్పి ఉండొచ్చు గానీ మాటలో తప్పు లేదు. అంత్యదినాల్లో మనుషులు ఎలా ఉంటారో బైబిల్లో రెండో తిమోతి మూడో అధ్యాయంలో ఉంది కదా, అందులో మొట్టమొదట ఉన్నది స్వార్థప్రియులు అనే. నిన్నువలె నీ పొరుగువాణ్ణి ప్రేమించు అన్నచోట ఆజ్ఞ పొరుగువాడి గురించే. తనను తాను ప్రేమించుకోడం మనిషికి ఒకరు నేర్పాలా? పుట్టుకతో వచ్చింది అది. లూకా 18లో గుడికెళ్లిన ఇద్దర్లో ధీమాగా నిలబడ్డవాడు ఎవడు? వారానికి రెండు ఉపవాసాలు, అన్నిట్లో పదోవంతు అని లెక్క చదివిన పరిసయ్యుడు, ధర్మశాస్త్రం కచ్చితంగా పాటించే శాఖవాడు. నీతిమంతుడిగా ఇంటికెళ్లింది మాత్రం రొమ్ము కొట్టుకున్న సుంకరి, పన్నులు వసూలు చేసేవాడు. పౌలంతటివాడు పాపుల్లో నేనే ప్రధానుణ్ణి అన్నాడు. మన పర్లాకిమిడి తాలూకాలోనే పుట్టిన పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు పాడుకుంటూ పెరిగినవాళ్లం మనం, కృప గురించి పాడుకున్నాం గానీ మన గొప్ప గురించి పాడుకోలేదు.

రాయగడ కౌన్సెలర్

అయ్యగారూ, సెల్ఫ్ ఎస్టీమ్ అనగానే పరిసయ్యుడు గుర్తొస్తే చిక్కే. 1965లో మోరిస్ రోసెన్‌బర్గ్ అని అమెరికన్ సోషియాలజిస్టు పది వాక్యాల స్కేలు ఒకటి తయారుచేశాడు, మేం ఇప్పటికీ అదే వాడతాం. కనీసం మిగతావాళ్లతో సమానంగా నాకూ విలువుంది అనే అర్థంలో అందులో ఒక వాక్యం ఉంటుంది. సమానంగా, అంతే, పైన అని లేదు. పరిసయ్యుడు అన్నదేంటి, నేను ఈ సుంకరిలాంటోణ్ణి కాను అని. నీట్ పోయాక గది తలుపేసుకుని కూర్చున్న పిల్లలు నా దగ్గరికొస్తారు, నేను వేస్ట్ అనే మాట అప్పటికే వాళ్ల నోట్లో ఉంటుంది. వాళ్లకి నువ్వు పురుగువి అని మనం కొత్తగా చెప్పేదేముంది?

బరంపురం వాసి

కౌన్సెలర్ గారూ, పెంచితే బాగుపడతారు అన్నది కూడా తేలలేదు కదండీ. కాలిఫోర్నియా ప్రభుత్వం 1986లో దీనికోసమే ఒక టాస్క్ ఫోర్స్ వేసింది, నేరాలు, మత్తు, చదువు అన్నిటికీ ఇదే మందు అన్నట్టు ప్రచారం జరిగింది. తర్వాత 2003లో బామీస్టర్, ఇంకో ముగ్గురు సైకాలజిస్టులు కలిసి అప్పటిదాకా వచ్చిన రీసెర్చ్ అంతా తిరగేస్తే సెల్ఫ్ ఎస్టీమ్ పెంచినందువల్ల మార్కులు పెరుగుతాయనడానికి ఆధారం దొరకలేదు, మార్కులు వచ్చాకే అది కాస్త పెరుగుతోంది అన్నట్టు కనిపించింది. ఊరికే పొగిడితే పిల్లలు ఎదగరు.

జయపురం లూథరన్

నేనూ కాస్త మాట్లాడతాను, పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి. 1890లో అమెరికన్ సైకాలజిస్టు విలియం జేమ్స్ ఈ సెల్ఫ్ ఎస్టీమ్‌ని భిన్నంలా చెప్పాడు, పైన నువ్వు సాధించింది, కింద నువ్వు ఆశించింది. అంటే రిజల్ట్స్ వచ్చినప్పుడల్లా నీ విలువ మారిపోద్దన్నమాట. వైజాగ్ బ్రదర్ ఆ భిన్నం పెంచుకోమన్నారు, సంఘ పెద్ద గారు అది సున్నా అన్నారు, ఇద్దరూ లెక్క మాత్రం మనిషి దగ్గరే మొదలెట్టేరు.

1882లో జర్మనీ నుంచి బ్రెక్లుం మిషనరీలు మా వైపు వచ్చినప్పట్నుంచి మాది జర్మన్ సంస్కర్త మార్టిన్ లూథర్ బోధ విన్న సంఘం, అందుకే చెప్తున్నాను. 1518లో హైడెల్‌బర్గ్‌లో లూథర్ వాదనకి పెట్టిన వాటిలో 28వది ఇదే. మనిషి ప్రేమ తనకి నచ్చింది కనిపిస్తేనే పుడుతుంది, దేవుడి ప్రేమ అలా వెతుక్కోదు, ప్రేమించి తనే దాన్ని చక్కగా చేస్తుంది. పాపి బాగున్నాడని దేవుడు ప్రేమించలేదు, దేవుడు ప్రేమించాడు కాబట్టి పాపి బాగున్నాడు. మరి ఆ విలువని మార్కులు పెంచుతాయా, ఫెయిలైతే తగ్గుతుందా?

యోహాను 13 తీసి చూడండి. తండ్రి అన్నీ తన చేతికిచ్చాడని, తాను దేవుడి దగ్గర్నుంచి వచ్చి మళ్లీ ఆయన దగ్గరికే వెళ్తున్నానని యేసుకి తెలుసు, యోహాను ఆ ముక్క ముందు రాసి ఆ వెంటనే యేసు తువాలు నడుముకి కట్టుకుని శిష్యుల కాళ్లు కడగడానికి పళ్లెంలో నీళ్లు పోశాడని రాశాడు. తానెవరో తెలిసినవాడు కాబట్టి వంగడానికి జంకలేదు. శిష్యుడు పేతురేమో నా కాళ్లు నువ్వు ఎన్నడూ కడగొద్దు అన్నాడు, పైకి చూస్తే తగ్గింపులాగే ఉంటాది, ప్రభువు ఒప్పుకోలేదు. టీచరమ్మగారూ, మీ అమ్మాయికి ఈ పేతురు సంగతి చెప్పండి. ఇచ్చింది పుచ్చుకోడం కూడా తగ్గింపే.

కోరాపుట్ అక్క

అన్నయ్యా బాగా చెప్పేరు గానీ ఒక్క సంగతి ఎవరూ ఎత్తట్లేదు. ఈ తగ్గింపు ప్రసంగం ఎవరికి ఎక్కువ చెప్తారు? ఆడవాళ్లకి, కూలోళ్లకి, పిల్లలకి. 1960లో వేలరీ సైవింగ్ అని అమెరికాలో ఒకావిడ రాశారు, గర్వమే అన్ని పాపాలకీ మూలం అని తేల్చిన పండితులు మగవాళ్ల అనుభవంలోంచి చెప్పేరు, ఆడవాళ్లకి వచ్చే శోధన చాలాసార్లు దానికి తలకిందులు, తనకంటూ ఏమీ మిగలకుండా కరిగిపోవడం అని. అది చదివి నేను రాత్రంతా నిద్రపోలేదు, మా అమ్మ కళ్లముందు కనబడింది. మా తాతలు దేవుడి పోలికలో పుట్టేం అన్న మాట విని చర్చి గడప ఎక్కేరు, ఊళ్లో ఆ మాట వాళ్లకి అంతకు ముందెవరూ చెప్పలేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వుతో క్రైస్తవుడైతే ఎస్సీ సర్టిఫికెట్ పోతాదని తెలిసి కూడా వదల్లేదు. అలాంటోళ్ల మనవరాలికి పురుగు అని చెప్తారా?

ఇంకోటి. ఎదుటివాణ్ణి నీకంటే యోగ్యుడని ఎంచుకో అని పౌలు రాసింది ఫిలిప్పీ సంఘానికి. అదే ఫిలిప్పీలో ఆయన్ని విచారణ లేకుండా బెత్తాలతో కొట్టి జైల్లో పడేసి, పొద్దున్నే గుట్టుగా వెళ్లిపొమ్మంటే వెళ్లేడా? మేం రోమా పౌరులం, వాళ్లే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్లాలి అన్నాడు, అధికారులు వచ్చి బతిమాలుకున్నారు (అపొస్తలుల కార్యములు 16). ఆ ఉత్తరం అందుకున్న ఊరోళ్లకి ఈ సంగతి తెలియకుండా ఉంటాదా?

పర్లాకిమిడి పెద్దాయన

తల్లీ, నీ బాధ నాకు అర్థమైంది, కొట్టే మొగుడికి వంగి ఉండమని నేను ఏనాడూ చెప్పలేదు, చెప్పను. కానీ మీరంతా విలువ విలువ అంటున్నారే, పశ్చాత్తాపం ఎక్కడికి పోయింది? దేవుడి పరిశుద్ధత చూసినవాడికి ముందు తన మురికే కనబడుతుంది. పేతురు వల నిండా చేపలు చూసి మోకాళ్ల మీద పడి నన్ను విడిచి పో ప్రభువా, నేను పాపాత్ముణ్ణి అన్నాడు. ఆ మోకాళ్లు లేకుండా మీ విలువ నిలబడదు, నేను చెప్పేది అదొక్కటే.

జయపురం లూథరన్

అయ్యగారూ, మోకాళ్లు ఉండాల్సిందే, దాంట్లో మీకూ నాకూ తగువు లేదు. లూకా 5లో ఆ తర్వాత వచనాలు కూడా చదవండి. పేతురు అలా అన్నాక ప్రభువు అబ్బే నువ్వు మంచోడివేలే అని సర్దిచెప్పలేదు, అవును నువ్వు పాపివే అని అక్కడే ఉంచెయ్యలేదు. భయపడకు, ఇకనుంచి నువ్వు మనుషుల్ని పట్టేవాడివి అని పని అప్పజెప్పాడు.

టీచరమ్మగారూ, ఆ అమ్మాయికి ప్రైజు ఇస్తే ఇవ్వండి. దాంతోపాటు శనివారం సాయంత్రం ఎనిమిదో క్లాసు పిల్లలకి లెక్కలు చెప్పే పని అప్పజెప్పండి, చర్చి వెనక గది ఖాళీగానే ఉంటుంది కదా, బోర్డు లేదంటే చెప్పండి, నేను పంపిస్తాను.