ఒకే సాయంత్రం కచేరీ, కూచిపూడి, పద్య నాటకం: హైదరాబాదు హాల్లో ఏర్పాట్లు ఎలా? (చర్చ)

కాలనీ_కార్యదర్శి: అందరికీ నమస్కారం. మా సంఘం తరఫున ఒక ఆదివారం సాయంత్రం కార్యక్రమం పెడుతున్నాం. చిక్కడపల్లి త్యాగరాయ గానసభ గానీ, నాంపల్లి తెలుగు విశ్వవిద్యాలయంలో ఎన్టీఆర్ కళామందిరం గానీ అనుకుంటున్నాం. గంట గాత్ర కచేరీ, 40 నిమిషాలు కూచిపూడి (చివర పళ్ళెం మీద ఆడే తరంగం), గంట పద్య నాటకం, రాయబారం సీను. ఏది ముందు పెట్టాలి? మైకులు ఎన్ని, ఎలాంటివి? హాలు లైట్లు సరిపోతాయా? టికెట్ పెట్టవచ్చా? పెద్దవాళ్ళకి మెట్లు తక్కువగా ఉండే దారి ఏ హాల్లో ఉంది?

తొప్పి_రవ్వ: క్రమం సంగతి తర్వాత చూద్దురు గానీ, ముందు ఏసీ సంగతి చూసుకోండి. తెర లేచాక ఏసీ పెంచితే మృదంగం శృతి కదిలిపోతుంది. చల్లటి పొడి గాలికి తోలు బిగుసుకుని నాదం పైకి పోతుంది. తొప్పికి, అంటే ఎడమ మూతకి, పెట్టిన రవ్వ ముద్ద ఎండిపోయి గుంకీ (దాని మంద్రనాదం) చస్తుంది. కచేరీకి గంట ముందే ఏసీ వేసి ఆ చలిలోనే శృతి చేసుకోనివ్వండి. పక్కన గ్లాసు నీళ్ళు, కొంచెం తడి రవ్వ ఉండాలి. గాయకుడు ఒకటిన్నర శృతిలో పాడి, నాట్యానికి పాడే ఆవిడ అయిదులో పాడితే ఒక మృదంగంతో జరగదు. తగ్గు స్థాయిదొకటి, హెచ్చు స్థాయిదొకటి రెండూ తెమ్మనండి. ఇంకో మాట. కుడిచేత్తో వాయించేవారిని గాయకుడి కుడివైపు కూర్చోబెట్టండి. కుడి మూత జనం వైపు ఉంటుంది. ఫొటో బాగా వస్తుందని ఎడమవైపుకి మారుస్తున్నారు, అప్పుడు హాల్లోకి తొప్పి ఒక్కటే వెళ్తుంది.

రాయబారం_అభిమాని: పద్య నాటకానికి వేలాడే మైకులు మూడు. అంతే. కాలర్ మైకులు పెడతామని ఎవరైనా వస్తే వద్దనండి. కిరీటం మీదనుంచి ఒక అడుగు ఎత్తున, నటుడికి అడుగు ముందుగా కట్టాలి. అప్పుడు నోటికీ మైకుకీ రెండున్నర అడుగులుంటుంది. మైకుకీ మైకుకీ మధ్య ఎనిమిది అడుగులకి తగ్గితే ఒకే గొంతు రెండింట్లో పడి డొల్లగా వినిపిస్తుంది. ఎత్తు కొలిచేది కిరీటం పెట్టుకున్నాక, ఉత్త తలతో కాదు.

సౌండ్_డెస్కు: ఆ కొలతలు సరిగ్గానే ఉన్నాయి, కానీ మూడు దశాబ్దాల కిందటి పద్ధతి. రెండున్నర అడుగుల దూరంలో మైకు పెడితే గొంతుతోపాటు ఫ్యాను, ఏసీ, చెక్క స్టేజీ మీద అడుగుల చప్పుడు అన్నీ లాగుతుంది. సవరం అంచున నుదుటి మీద చిన్న కాలర్ మైకు పెడితే నోరు ఆరంగుళాల్లో ఉంటుంది. ఆ తేడా 14 డెసిబెల్స్. అంత మిగిలితే మైకు కుయ్యిమనకుండా చివరి వరసకి మాట అందుతుంది. తెరిచి ఉన్న మైకులు రెట్టింపు అయిన ప్రతిసారీ కూతకి ముందు మిగిలే అవకాశం 3 డెసిబెల్స్ తగ్గుతుందని కూడా లెక్క వేసుకోండి.

రాయబారం_అభిమాని: మీ లెక్క ప్రకారమే, ఎనిమిదిమంది నటులకి ఎనిమిది కాలర్ మైకులు తెరిస్తే ఏమవుతుందో చెప్పండి. కృష్ణుడూ దుర్యోధనుడూ ఎదురెదురుగా నిలబడ్డప్పుడు ఒకరి గొంతు ఇంకొకరి మైకులో పడదా? పద్యం ఎత్తుకునే నటుడు రాగం తారస్థాయికి పోయినప్పుడు అరడుగు వెనక్కి జరుగుతాడు, చరణం దించేటప్పుడు ముందుకి వస్తాడు. అది అతని విద్య. నుదుటికి మైకు అంటిస్తే ఆ విద్య దేనికి? భుజకీర్తులు, హారాలు గలగలమంటుంటే మీ కాలర్ మైకు ఏం చేస్తుంది?

సౌండ్_డెస్కు: ఎనిమిదీ ఒకేసారి తెరవమని ఎవరన్నారు? స్క్రిప్టు చేతిలో పెట్టుకుని మాట్లాడేవారిది తెరిచి మిగతావి మూసే మనిషి కావాలి. రెండు రిహార్సల్స్‌కి ఆ మనిషిని పిలవండి. హారాల గలగల ఛాతీ మీద పెడితేనే వస్తుంది, నుదుటి మీద రాదు. బ్యాటరీలు ప్రదర్శనకి ముందు కొత్తవి వేయాలి, పొద్దున రిహార్సల్‌కి వాడినవి పనికిరావు. ట్రాన్స్‌మిటర్‌ని ప్లాస్టిక్ కవరులో చుట్టకపోతే పట్టు బట్టల్లో చెమట లోపలికి దిగి చిటచిటలు మొదలవుతాయి. ఇవేవీ చేయకుండా కాలర్ మైకు చెడ్డదంటే ఒప్పుకోను.

గజ్జెకట్టు: మైకుల గొడవలో నేల ఎవరికీ గుర్తులేదు. తరంగం అన్నారు కాబట్టి చెప్తున్నాను. స్టేజీ మీద కార్పెట్ పరిచి ఉంచకండి. పళ్ళెం అంచుల మీద నిలబడి కాలివేళ్ళతో పట్టి నడపాలి. కార్పెట్‌లో అంచు దిగబడి కదలదు. కొత్తగా పాలిష్ పెట్టిన చెక్క మీద కాలికింద నుంచి జారిపోతుంది. పాలిష్ లేని ఉత్త చెక్క నేల మంచిది. ముందు రోజే అదే పళ్ళెంతో నడిచి చూడాలి. కచేరీకి పరుపు కావాలంటే 8 అడుగులు 12 అడుగుల చెక్క దిమ్మ వేసి దానిమీద పరవండి, తర్వాత దిమ్మ తీసేయవచ్చు. తలమీద చెంబులో నీళ్ళు పెట్టి ఆడితే తర్వాత తుడిచే మనిషి వింగ్‌లో సిద్ధంగా ఉండాలి. తడి నేలమీద కేబుళ్ళు పడి ఉండకూడదు. గజ్జెల చప్పుడు వినిపించాలంటే స్టేజీ ముందు అంచున నేలమీద పెట్టే బౌండరీ మైకులు రెండు చాలు. నట్టువాంగం (తాళాలు వాయిస్తూ జతులు) చెప్పేవారికి మాత్రం విడిగా మైకు ఇవ్వండి.

హార్మోనియం_మెట్లు: హార్మోనియం రీడ్లు కదలవు. అందుకని ఎలక్ట్రానిక్ తంబురాని హార్మోనియానికి కలపాలి, దీన్ని దానికి కలపలేరు. పాత పెట్టెల్లో కొన్ని కొంచెం ఎక్కువో తక్కువో పలుకుతాయి. తంబురాలో సన్న మరతో సరిచేసుకోండి. యాప్ పెట్టి ‘అయిదు శృతి’ అని నొక్కి వదిలేస్తే ఆ కొద్ది తేడాకే పద్యం అపశ్రుతిగా వినిపిస్తుంది. నటుల శృతులు కాగితం మీద రాసి హార్మోనియం మీద అంటించండి, కృష్ణుడికి ఏది, కర్ణుడికి ఏది అని. రిహార్సల్‌లో నాలుగు, స్టేజీ మీద ఉత్సాహంతో అయిదు అడిగే నటులుంటారు. ఇవ్వకండి.

రాయబారం_అభిమాని: రిహార్సల్‌కి రెండుసార్లు వచ్చే ఆపరేటర్ హైదరాబాదులో ఎంతమందికి దొరుకుతాడు? వచ్చేది సాయంత్రం నాలుగింటికి, స్క్రిప్టు పేరైనా తెలియకుండా. అప్పుడు కర్ణుడి మొదటి పాదం మూసిన మైకులోకే పోతుంది. వేలాడే మైకుకి ఆ గండం లేదు. నేను అడిగేది అదే.

నాంపల్లి_నర్సింగ్: అన్నా, మీరిద్దరు జర ఆగుండ్రి. అడిగినాయన టికెట్ గురించి అడిగిండు గద. తలకు 500 రూపాయలు దాటకుంటె నాటకం, డాన్సు, కచేరీ టికెట్ మీద జీఎస్టీ లేదు. అది దాటితె పడతది. శాస్త్రీయ, జానపద కళాకారునికి ఇచ్చే పారితోషికం లక్షన్నర దాటకుంటె దాని మీద గూడ లేదు. ఇగ అసలు కష్టం సన్మానాలతోని. కచేరీకి, నాటకానికి నడుమ శాలువలు, మెమెంటోలు, ఆరుగురి ఉపన్యాసాలు పెడితె ముప్పావు గంట పోతది. హాలు టైము అయిపోతదని నాటకంల పద్యాలు కోస్తరు. సన్మానం పెట్టాల్నంటె మొదలే పెట్టుండ్రి, పదిహేను నిమిషాల్లో ముగించుండ్రి.

తొప్పి_రవ్వ: నర్సింగ్ గారి మాటకి నూరు మార్కులు. ఉపన్యాసాల వేళ మృదంగం ఏసీ కింద చల్లారుతూ కూర్చుంటుంది.

తెర_తాడు: పద్య నాటకానికి వెనక రంగుల తెరలు కట్టాలంటే హాలు పైన పైపులు, తాళ్ళు ఉన్నాయో లేదో బుక్ చేయకముందే చూసుకోవాలి. సురభి నాటక సమాజం వాళ్ళు 1895 నుంచీ చేస్తున్న పని ఇదే. చుట్ట చుట్టిన తెరని తాడుతో లేపుతారు. తీగలు కట్టి బాణాలు గాలిలో ఢీకొట్టించడానికి కూడా పైన పైపు వరస కావాలి. సభలకి కట్టిన చాలా హాళ్ళలో అది ఉండదు.

కడప_రంగస్థలం: 1895 కాదు, 1885. కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారి కుటుంబం వేసిన కీచక వధతో మొదలయింది. సంవత్సరం కరపత్రాల్లో తప్పు వేస్తే అదే నిలబడిపోతుంది, అందుకే చెప్తున్నాను.

తెర_తాడు: నిజమే, 1885. సరిదిద్దినందుకు ధన్యవాదాలు. లైట్ల గురించి ఒక్క మాట. ఆకుపచ్చ లైటు కింద ఎర్ర పట్టు నల్లగా కనిపిస్తుంది. నాట్యం వేసేవారి దుస్తుల రంగులు ముందే అడిగి తెలుసుకోండి. ముందునుంచి లేత పసుపు కలిసిన తెలుపు, రెండు పక్కలా భుజం ఎత్తున ఒక్కో లైటు పెట్టండి. ముఖం మీద నీలం వేయకండి, అభినయం పోతుంది. డిమ్మర్ (లైట్ల వెలుగు హెచ్చుతగ్గులు చేసే పెట్టె) కేబుళ్ళు, మైకు కేబుళ్ళు పక్కపక్కన పరిస్తే గుయ్‌మని హమ్ వస్తుంది. దాటక తప్పకపోతే అడ్డంగా దాటించండి.

సౌండ్_డెస్కు: ఆ చివరి మాట హాలులో పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి. రాయబారం గారూ, మీ మైకులకి 48 వోల్ట్‌ల ఫాంటమ్ పవర్ (మైకు కేబుల్లోనే వెళ్ళే కరెంటు) సౌండ్ డెస్కు నుంచి ఇవ్వాలని మీవాళ్ళకి గుర్తుచేయండి. స్పీకర్లు మైకుల వరసకి ముందుండాలి, జనం వైపు తిరిగి. 100 హెర్ట్జ్ కంటే కిందున్న మంద్ర శబ్దాన్ని డెస్కులో కోసేస్తే అడుగుల చప్పుడు సగం పోతుంది. ఆపరేటర్ రిహార్సల్‌కి రాడంటే మాత్రం మీ మూడు మైకులే పెట్టండి, నాకూ అభ్యంతరం లేదు.

రాయబారం_అభిమాని: ఇదే ముందే అనుంటే నాలుగు పోస్టులు తగ్గేవి.

కాలనీ_కార్యదర్శి: అందరికీ కృతజ్ఞతలు. సన్మానం మొదట, 5:30కి. తర్వాత దిమ్మ మీద కచేరీ, దిమ్మ తీశాక కూచిపూడి, నేల తుడిచి పావుగంట విరామం, చివర రాయబారం మూడు వేలాడే మైకులతో. వేషాలకి రెండు గంటలు కావాలి కాబట్టి నటుల్ని మధ్యాహ్నం నాలుగున్నరకే రమ్మంటాం. పెద్దవాళ్ళ దారి గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

గజ్జెకట్టు: పగటి పూట రెండు హాళ్ళకీ వెళ్ళి గేటు నుంచి మొదటి వరస దాకా మెట్లు లెక్కపెట్టుకోండి. స్టేజీ వెనక మెట్లు కూడా. గజ్జెలు కట్టుకుని, వెలుతురు లేనిచోట దిగాల్సింది వాటిమీదే. అక్కడ రెండు చిన్న బల్బులు పెట్టించండి, తెల్ల టేపు ప్రతి మెట్టు అంచుకీ అంటించండి.