అణు రియాక్టర్ నడిచిన చోటుకి ఫుట్‌బాల్ కోచ్ పేరేంటి?

ఎంవీపీ కాలనీ నాన్న:
మా అమ్మాయి అమెరికాలో షికాగో యూనివర్సిటీలో ఎం.ఎస్. చదువుతోంది. మొన్న క్యాంపస్‌లో ఒక కంచు శిల్పం ముందు ఫొటో దిగి పంపింది. ప్రపంచంలో మొదటి అణు రియాక్టర్ నడిచింది అక్కడేనట, అప్పట్లో ఆ జాగాని స్టాగ్ ఫీల్డ్ అనేవారట. స్టాగ్ ఎవరో సైంటిస్ట్ అనుకున్నా, తీరా చూస్తే ఫుట్‌బాల్ కోచ్. ఎవరండీ ఈయన, రియాక్టర్‌తో ఏం పని?

రుషికొండ నైట్ షిఫ్ట్:
సార్, ఇది మన ఫుట్‌బాల్ కాదు, కోడిగుడ్డు ఆకారం బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఆట. ఎమోస్ అలాంజో స్టాగ్ 1892లో, ఆ యూనివర్సిటీ తెరిచిన ఏడాదే కోచ్‌గా చేరి 1932 దాకా ఉన్నాడు. పాస్టర్ అవుదామని యేల్‌లో చదివి, ప్రసంగాలు తనవల్ల కావని గ్రౌండ్‌కి వచ్చేసిన మనిషి. పరుపు చుట్టి వేలాడదీసి దాని మీద టాక్లింగ్ (బంతితో పరిగెత్తేవాణ్ణి పట్టి పడగొట్టడం) ప్రాక్టీస్ చేయించింది ఈయనే అంటారు. రియాక్టర్‌తో మాత్రం సంబంధం లేదు. 1939లో యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీమ్‌నే ఎత్తేసింది, స్టాండ్లు ఖాళీ. వాటి కింద ఉన్న, స్క్వాష్ లాంటి రాకెట్స్ ఆట ఆడే కోర్టులో 1942 డిసెంబరు 2న భౌతిక శాస్త్రవేత్త ఫెర్మీ బృందం రియాక్టర్ నడిపింది. అంతే.

పాత పీఈటీ:
అంతే అంటే ఎలా బాబూ, సగమే చెప్పావు. అమెరికాలోనే స్ప్రింగ్‌ఫీల్డ్ ఊళ్లోని వైఎంసీఏ ట్రైనింగ్ స్కూల్లో స్టాగ్, బాస్కెట్‌బాల్ కనిపెట్టిన నైస్మిత్ కలిసి పనిచేశారు. 1892 మార్చిలో జనం ముందు జరిగిన మొదటి బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లో మాస్టార్లు కుర్రాళ్ల చేతిలో 5-1తో ఓడిపోయారు, ఆ ఒక్కటీ వేసింది స్టాగే. అదే స్కూల్లో చదువుకున్న హారీ క్రో బక్ 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ కళాశాల పెట్టాడు. మాకు డ్రిల్లు నేర్పిన మాస్టారు అక్కడి నుంచే వచ్చారు, ఆ లెక్కన మెళ్లో విజిల్‌తో విశాఖ ఎండలో తిరిగిన నాకూ స్టాగ్ దూరపు చుట్టమే!

మర్రిపాలెం మూర్తి:
మాస్టారూ, బాగుంది. నాకు నచ్చింది మాత్రం వేరే. 70 ఏళ్లు వచ్చాయని షికాగో ఇంటికి పంపితే, మనలా పెన్షన్ కాయితాలు చూసుకోకుండా కాలిఫోర్నియా వెళ్లి కాలేజ్ ఆఫ్ ది పసిఫిక్‌లో ఇంకో 14 సీజన్లు చేశాడు. 1943లో, 81 ఏళ్లప్పుడు, ఆ ఏటి మేటి కోచ్ అయ్యాడు. బతికింది 102 ఏళ్లు. కాకపోతే హడిల్ (ఆటగాళ్లు గుండ్రంగా చేరి తర్వాతి ఎత్తు గుసగుసగా చెప్పుకోవడం) కూడా ఆయనదే అని ఫ్యాన్స్ రాస్తుంటారు, దానికి నేను ఒప్పుకోను, అది వినికిడి లేని పిల్లలు చదివే గాలొడెట్ కాలేజీ వాళ్లదని ఎక్కువమంది చెబుతారు.

ఎంవీపీ కాలనీ నాన్న:
అందరికీ థ్యాంక్స్ అండీ. ఇదంతా అమ్మాయికి ఫోన్లో చెబితే, "నాన్నా, ఆ శిల్పం పక్క లైబ్రరీలోనే రోజూ కూర్చుంటున్నా" అంది. చూస్తే ఆ లైబ్రరీ కూడా పాత గ్రౌండ్ మీద కట్టిందే.