రేషన్ బియ్యం బదులు డబ్బు ఇస్తే తప్పేమిటి?

కృష్ణాతీరం:
ప్రతి నెలా రేషన్ ఇచ్చిన రెండు మూడు రోజులకు మా వీధిలోకి ఒక మనిషి మోపెడ్ మీద త్రాసు, గోనె సంచులు పెట్టుకుని వస్తాడు. కిలో పన్నెండు రూపాయల చొప్పున బియ్యం కొంటాడు. అమ్మేవాళ్ళు దొంగలేమీ కారు. నాలుగిళ్ళలో పాచిపని చేసుకునే ఆడవాళ్ళు, ముఠా కూలీలు. ఆ పన్నెండుకు ఇంకో నలభై కలిపి కొట్లో సన్నబియ్యం తెచ్చుకుంటారు. ధాన్యం కొని, ఆడించి, గోదాముల్లో దాచి, ఇక్కడిదాకా చేర్చేసరికి ఆ బియ్యం మీద ప్రభుత్వానికి కిలోకు దాదాపు 40 రూపాయలు ఖర్చవుతోంది. నలభై రూపాయల వస్తువు పేదవాడి గడపలో పన్నెండు రూపాయలకు దిగిపోతోంది. ఆ గింజలే మళ్ళీ పాలిష్ పట్టించుకుని ఎక్కడికి పోతాయో మనకు తెలియనిది కాదు. రేషన్ బియ్యం ఉందంటూ కాకినాడ రేవులో ఓడను ఆపిన 2024 నాటి గొడవ ఎవరూ మరచిపోలేదు.

ఆహారం హక్కు అని 2013లో జాతీయ ఆహార భద్రత చట్టం చేసుకున్నాం. హక్కు ఉన్న మనిషికి తన కంచంలో ఏముండాలో చెప్పే వీలు లేకపోవడం ఏం న్యాయం? కిలోకు ప్రభుత్వం పెట్టే ఆ నలభై రూపాయలూ ఇంటి ఆడమనిషి ఖాతాలో వేయండి. కావలసినవాళ్ళు బియ్యం కొనుక్కుంటారు, కావలసినవాళ్ళు గుడ్లు కొనుక్కుంటారు. ఎందుకు వద్దో చెప్పండి.

పాత డీలరు:
అమ్మా, నేను ఇరవై రెండేళ్ళు చౌక ధరల దుకాణం నడిపాను. మీ వీధిలోకి వచ్చే మనిషిలాంటి వాళ్ళను ఎందరినో చూశాను. మీరు చెప్పిన జబ్బు నిజమే, మందుతోనే నాకు పేచీ.

1983లో రామారావు గారు కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టినప్పుడు నేను బడికి వెళ్ళే వయసులో ఉన్నాను. అంతకు ముందు మా పల్లెలో కూలి ఇళ్ళలో వరి అన్నం అంటే పండగ. మిగతా రోజులు సంకటి, అంబలి, ఒక్కోసారి అదీ లేదు. అది చూసినవాణ్ణి కాబట్టి బియ్యం సంచి అంటే నాకు గౌరవం.

మీరు నలభై వేయమంటున్నారు. మొదటి ఏడు వేస్తారు, తర్వాత? కర్ణాటక సంగతి చూడండి. 2023 జులైలో అన్నభాగ్య అనే ఉచిత బియ్యం పథకం కింద మనిషికి అదనంగా ఇస్తామన్న అయిదు కిలోలకు కేంద్రం బియ్యం అమ్మనంది. అందుకని కిలోకు 34 రూపాయల లెక్కన నెలకు 170 రూపాయలు ఖాతాల్లో వేశారు. కొట్లో బియ్యం ధర ఒకచోట నిలబడదు కదా, ఆ 170 మాత్రం కదలలేదు. చివరికి 2025 ఫిబ్రవరిలో మళ్ళీ బియ్యానికే వచ్చారు. అయిదు కిలోలు పదేళ్ళ తర్వాత తూచినా అయిదు కిలోలే ఉంటుంది. 170 రూపాయలకు పదేళ్ళ తర్వాత ఎంత వస్తుందో మీరే చెప్పండి.

కృష్ణాతీరం:
ధరతో పాటు పెరిగేలా చట్టంలోనే రాయవచ్చు కదండీ. ఉద్యోగులకు కరువు భత్యం పెంచడానికి లెక్క ఉంది, పేదవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క ఎవరికీ తెలియదా?

పాత డీలరు:
ఉద్యోగికి సంఘం ఉంది. ఇళ్ళలో పనిచేసుకునే ఆమెకు ఉన్నది నాలాంటి డీలరు. ఆ డీలరు సరిగా తూచకపోతే దుకాణం ముందు నిలబడి అరవగలదు. ఖాతాలో డబ్బు పడకపోతే ఎవరి ముందు నిలబడాలి?

యానాం పిల్ల:
ఇక్కడ మా ఇంటి మాట ఒకటి చెప్పాలి. యానాం పుదుచ్చేరిలో భాగం కాబట్టి కేంద్రం రేషన్‌కు బదులు నగదు ఇవ్వడం మాకు 2015 సెప్టెంబరులోనే వచ్చింది. దేశంలో అది మొదలైన రెండు మూడు చోట్లలో మాది ఒకటి. ఆంధ్రలో ఉన్న మా పెద్దమ్మ ఇంటికి బియ్యం వచ్చేది, మా అమ్మ ఖాతాకు డబ్బు వచ్చేది.

బియ్యం ఇంట్లోకి వస్తే అది అమ్మది. డబ్బాలో పోసుకుని, గిద్దతో కొలిచి, నెలాఖరు దాకా ఎలా తేవాలో ఆమెకు తెలుసు. డబ్బు వచ్చాక కార్డు నాన్న చొక్కా జేబులోకి పోయింది. మా నాన్న చెడ్డవాడు కాదు. అప్పులుంటాయి, వలలు బాగుచేయించాలి, మధ్యలో ఎవరో చేబదులు అడుగుతారు. అన్నిటికీ ముందు ఖర్చయ్యేది బియ్యం డబ్బే. ఆహార భద్రత చట్టమే, రేషన్ కార్డుకు ఇంట్లో పద్దెనిమిదేళ్ళు దాటిన పెద్ద స్త్రీని ఇంటి పెద్దగా రాయాలంది. కాగితం మీద ఆమె పెద్దరికం డబ్బు దగ్గర నిలవలేదు. పుదుచ్చేరి ప్రభుత్వం 2024లో రేషన్ దుకాణాలు మళ్ళీ తెరిచినప్పుడు మా అమ్మ ఎంత సంతోషపడిందో నేను చూశాను.

కృష్ణాతీరం:
మీ అమ్మగారి మాట చదివి చాలాసేపు ఆగాను. అయినా నాకు ఒక బాధ ఉంది, దాన్ని దాచను. జీతం వచ్చే ఇళ్ళలో మగవాళ్ళు డబ్బు పాడుచేయరా? అక్కడ ఎవరూ జీతానికి బదులు బియ్యం బస్తా ఇమ్మనరు. పేదింటికి వచ్చేసరికే డబ్బు ఇస్తే చెడిపోతారన్న అనుమానం. మా వీధి ఆడవాళ్ళు కొందరు పిల్లలకు పాలు, పప్పు కొనడానికి కూడా ఆ బియ్యం అమ్ముతున్నారు. వాళ్ళ లెక్క తప్పని నేను అనలేను.

మన్యం మాస్టారు:
మీరంతా కొట్టు పక్కనే ఉన్న ఊళ్ళ గురించి మాట్లాడుతున్నారు. నేను పనిచేసే కొండ ఊరికి సంత వారానికి ఒకసారి. బ్యాంకుకు వెళ్ళాలంటే ఒక రోజు కూలి పోతుంది, జీపు చార్జీ అదనం. గిరిజన సహకార సంస్థ డిపోలో బియ్యం ఉంది కాబట్టి వానాకాలంలో దారి తెగినా పొయ్యి వెలుగుతోంది. ఇక్కడ డబ్బు పంచితే సంతలో బియ్యం ధర ఏమవుతుందో ఊహించండి. అమ్మేవాడు ఒకడే, కొనేవాళ్ళందరి చేతిలో డబ్బు ఉందని వాడికి తెలుసు.

అలాగని మా దగ్గర అంతా బాగుందని కాదు. సిగ్నల్ కోసం వేలిముద్ర యంత్రాన్ని గుట్ట మీదికి మోసుకెళ్ళిన రోజులున్నాయి. ముసలివాళ్ళు కూడా వెనకే ఎక్కాలి.

ఇంకొకటి, ఇది ఎవరూ పట్టించుకోని సంగతి. మా పిల్లల తాతలు సామ అన్నం, రాగి అంబలి తిన్నవాళ్ళు. పోడులో కొర్ర, సామ, కంది కలిపి విత్తేవారు. చవక బియ్యం ఇంటికి వచ్చాక ఆ విత్తనాలే కొన్ని ఇళ్ళలో లేకుండా పోయాయి. ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో మన దేశం 1979లో చేరింది. అందులో ఆహార హక్కు ఉంది. దానిని వివరిస్తూ ఐక్యరాజ్యసమితి కమిటీ 1999లో ఏమందంటే, తిండి చాలినంత ఉంటే సరిపోదు, తినేవాళ్ళ సంస్కృతికి ఒప్పేదిగా కూడా ఉండాలి అని. ఆహార భద్రత చట్టంలోనే చిరుధాన్యాల మాట ఉంది. మా డిపోకు సామలు ఎందుకు రావు? బియ్యమా, డబ్బా అన్న రెండు దారులే ఉన్నట్టు మాట్లాడుకోవడం నాకు కష్టంగా ఉంది.

తాపీ మేస్త్రి కొడుకు:
మాది ఉత్తరాంధ్ర, పని హైదరాబాద్‌లో. 2019 ఆగస్టు నుంచి ఆంధ్ర కార్డు మీద తెలంగాణలో రేషన్ తీసుకునే వీలు వచ్చింది. అది మాకు పెద్ద మేలు. మా నాన్న వేళ్ళు సిమెంటుకు అరిగిపోయాయి, యంత్రం గుర్తుపట్టదు. గత నెల మూడుసార్లు తిప్పి పంపారు. బియ్యమో డబ్బో తర్వాత, ముందు మా నాన్న ఆయనే అని ఎవరైనా ఒప్పుకోవాలి.

పాత డీలరు:
బాబూ, నీ మాటకు జవాబు తప్పకుండా చెబుతాను, ముందు కృష్ణాతీరం గారికి ఒక్క మాట. మీ వీధివాళ్ళు బియ్యాన్ని అమ్మడానికి కారణం అది బియ్యం కావడం కాదు, దొడ్డు బియ్యం కావడం. పైగా బలవర్ధకం పేరుతో నూటికి ఒక గింజ చొప్పున కలిపిన తయారీ గింజలను చూసి ప్లాస్టిక్ అని భయపడి ఏరి పారేసినవాళ్ళున్నారు. అది ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపిన బియ్యప్పిండి గింజ అని దుకాణంలో ఎవరైనా నాలుగు మాటలు చెప్పి ఉంటే ఆ భయం ఉండేది కాదు. తెలంగాణలో 2025 ఉగాది నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. మా మేనల్లుడి దుకాణం అక్కడే ఉంది. సన్నబియ్యం వచ్చాక ఆ వీధిలోకి కొనేవాళ్ళు రావడం మానేశారని చెప్పాడు. తినే బియ్యం ఇస్తే ఎవరూ అమ్ముకోరు.

కృష్ణాతీరం:
ఆ ఒక్క మాట దగ్గర నేను కొంత వెనక్కి తగ్గుతాను. తినదగిన బియ్యం ఇచ్చాక కూడా డబ్బే కావాలని మా వీధివాళ్ళు అంటారో లేదో నేను అడగలేదు. దొడ్డు బియ్యం ముందు పెట్టి అడిగాను, అది సరైన ప్రశ్న కాదేమో. కొండ ఊళ్ళలో నగదు వద్దన్నది ఒప్పుకుంటున్నాను. పట్టణంలో మాత్రం, అడిగినవాళ్ళకు ఎంచుకునే వీలు ఉండాలనే ఇప్పటికీ అంటాను. ఆ ఎంపిక ఏడాదికోసారి మార్చుకునేలా, ఆమె సంతకంతోనే జరిగేలా ఉండాలి.

చట్టం 8వ సెక్షన్ గురించి ఎవరూ మాట్లాడలేదు. రావలసిన ధాన్యం అందకపోతే ఆహార భద్రత భత్యం ఇవ్వాలని అందులో ఉంది. మేస్త్రి గారిని మూడుసార్లు తిప్పి పంపారే, ఆ నెల భత్యం ఎవరైనా ఇచ్చారా?

తాపీ మేస్త్రి కొడుకు:
అలాంటిది ఉందనే మాకు తెలియదు.

పాత డీలరు:
వేలిముద్ర పడలేదన్న కారణంతో బియ్యం ఆపకూడదని కేంద్రం 2017లోనే ఆదేశించింది. కంటిపాపతో చూడమని అడుగు. కాదంటే ఏ తేదీన వెళ్ళారో, ఎన్నిసార్లు వెళ్ళారో, కార్డు సంఖ్యతో సహా కాగితం మీద రాసి జిల్లా ఫిర్యాదుల అధికారికి ఇవ్వు. నకలు మీద తేదీ, ముద్ర వేయించుకో. ఎలా రాయాలో తెలియకపోతే ఇక్కడే అడుగు, నేను రాసిపెడతాను.

తాపీ మేస్త్రి కొడుకు:
ఈ నెల దుకాణం పదిహేనో తేదీ దాకా తెరిచి ఉంటుందన్నారు. రేపు పని మానుకుని నాన్నను తీసుకెళతాను. ఏమన్నారో సాయంత్రం రాస్తాను.