పౌడర్ మెజర్ ఒకసారి తక్కువ, ఒకసారి ఎక్కువ పోస్తోంది. లోపం ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి?

కొత్తబెంచ్:
అందరికీ నమస్కారం. లైసెన్సు, అనుమతులు అన్నీ ఉన్నాయి, చర్చ అటు పోనివ్వకండి ప్లీజ్. ఏడాదిగా ఇంట్లోనే నా 223 రైఫిల్‌కు తూటాలు రీలోడ్ చేసుకుంటున్నాను, అంటే కాల్చిన ఖాళీ కేసు (తూటా గొట్టం)లో మంట రాజేసే ప్రైమర్, పౌడరు, బుల్లెట్ మళ్లీ పెట్టుకోవడం. పౌడరు కొలిచి పోసే సాధనం, అదే పౌడర్ మెజర్, నాది డ్రమ్ము తిరిగే మామూలు రకం, పైన పౌడరు నింపే ప్లాస్టిక్ డబ్బా (హాపర్), పక్కన హ్యాండిల్, బెంచికి బిగించి ఉంటుంది. పౌడరు సన్నటి పుల్లల రకం, మొదటి నుంచీ అదే వాడుతున్నాను. పెట్టుకున్న తూకం 25.0 గ్రెయిన్లు (గ్రెయిన్ అంటే పౌడరు తూచే చిన్న కొలత). ఇది నా పౌడరుకు, నా బుల్లెట్‌కు మాన్యువల్ చూసి పెట్టుకున్నది, దయచేసి ఎవరూ ఈ అంకె తీసుకుని వాడకండి.

నిన్న 40 తూటాలు పూర్తి చేసి, ఇంకో పది కేసుల్లో పౌడరు పోసి, బుల్లెట్లు కూర్చోబెట్టే ముందు ఎప్పటిలాగే టార్చి వేసి చూశాను. పక్కపక్కనే ఉన్న రెండు కేసుల్లో పౌడరు మట్టం కంటికే తేడాగా కనిపించింది. అక్కడితో ఆపేశాను. విచిత్రం ఏమిటంటే మొదలుపెట్టే ముందు పది డ్రాపులు (హ్యాండిల్ ఒకసారి తిప్పితే పడేది ఒక డ్రాపు) ఒకే గిన్నెలో వేసి తూచి పదితో భాగిస్తే సరిగ్గా 25.0 వచ్చింది! అందుకే ధైర్యంగా కానిచ్చాను. మెజర్ పాడైపోయిందా, కొత్తది కొనాల్సిందేనా? పైగా ఆ 40 తూటాల సంగతి ఆలోచిస్తే టెన్షన్‌గా ఉంది.

గ్రెయిన్‌లెక్క:
కొనడం తర్వాత, ముందు తప్పు మెజర్‌దా స్కేల్‌దా తేల్చండి. ఈ రెంటినీ కలిపి అనుమానిస్తే రాత్రంతా కూర్చున్నా తేలదు. ఎలక్ట్రానిక్ స్కేల్ అయితే ఆన్ చేసి అరగంట వదిలేయండి, ఫ్యాను ఆపండి, ఫోను దూరంగా పెట్టండి, తర్వాత చెక్ వెయిట్ (బరువు ముందే కచ్చితంగా తెలిసిన చిన్న తూకపురాయి) వేసి చూడండి. స్కేల్‌తో పాటు వచ్చే బరువు 50 గ్రాములు ఉంటుంది, దాంతో క్యాలిబ్రేషన్ చేసుకోవచ్చుగానీ మీరు తూచేది అందులో సగం కూడా కాదు, ముప్పయ్యో వంతు. 2 గ్రాముల చెక్ వెయిట్ ఉంటే అది 30.9 గ్రెయిన్లు చూపించాలి, మీ తూకానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి దాన్నే నమ్మండి. అదే బరువును ఐదారుసార్లు తీసి పెట్టి చూడండి, ప్రతిసారీ అదే అంకె రావాలి. ఖాళీ గిన్నె పెడితే సున్నాకు వస్తోందో లేదో కూడా మధ్యమధ్యలో చూడండి. ఒక గ్రెయిన్ అంటే 65 మిల్లీగ్రాములు కూడా లేదు, మనం వెతుకుతున్న తేడా అందులో పదో వంతు. ఫ్యాను గాలి చాలు మనల్ని వెర్రివాళ్లను చేయడానికి.

స్కేల్ బాగుంటే పది డ్రాపులు విడివిడిగా తూచి, వచ్చిన వరుసలోనే ఇక్కడ రాయండి.

పాతచెయ్యి:
పుల్లల పౌడరుతో ఈ గోల ఎప్పుడూ ఉండేదే తమ్ముడూ. డ్రమ్ము తిరిగేటప్పుడు దాని అంచు పుల్లను కోస్తుంది, హ్యాండిల్ దగ్గర కరకరమని తగులుతుంది చూడు, అదే. గుండ్రటి బాల్ పౌడరైతే నీళ్లలా జారిపోతుంది. పుల్లల రకానికి 0.2 అటూ ఇటూ రావడం నేనైతే లోపం అనను. నా పద్ధతి: మెజర్‌ను అర గ్రెయిన్ తక్కువకు సెట్ చేసి, మిగతాది ట్రిక్లర్‌తో (కొద్దికొద్దిగా పౌడరు రాల్చే చిన్న సాధనం) స్కేల్ మీదే చిలకరిస్తాను. ఆలస్యమే, కానీ రాత్రి నిద్ర పడుతుంది.

ఇంకో మాట. హాపర్‌లో బాఫిల్ ఉందా? అదే, లోపల అడ్డంగా ఉండే చిన్న రేకు. అది లేకపోతే హాపర్ నిండుగా ఉన్నప్పుడు పై బరువుకు పౌడరు గట్టిగా దిగుతుంది, ఖాళీ అయ్యేకొద్దీ వదులవుతుంది, తూకం మెల్లగా మారిపోతుంది. హాపర్‌ను సగానికి తగ్గకుండా చూసుకో. హ్యాండిల్ కూడా ఒకే తీరులో తిప్పాలి, పైన ఒక క్షణం ఆగి, కింద ఒక క్షణం ఆగి. మూడ్‌ను బట్టి ఒకసారి మెల్లగా ఒకసారి విసురుగా తిప్పితే మెషిన్ ఏం చేస్తుంది పాపం.

కొత్తబెంచ్:
ఇద్దరికీ థాంక్స్. స్కేల్ బాగానే ఉంది, 2 గ్రాముల బరువు ఆరుసార్లు పెట్టాను, ఆరుసార్లూ 30.9. బాఫిల్ ఉంది, హాపర్ ముప్పావు నిండి ఉంది. విడివిడిగా తూచిన పది ఇవి, వచ్చిన వరుసలోనే:

25.0, 25.1, 24.9, 24.1, 25.9, 25.0, 25.0, 24.9, 24.4, 25.7

పాతచెయ్యి అన్నా, 0.2 అయితే నేనూ పట్టించుకోను, కానీ ఇక్కడ 24.1కీ 25.9కీ మధ్య దాదాపు రెండు గ్రెయిన్లు ఉంది.

చివరిపేజీ:
ఆ వరుసను ఇంకోసారి చూడండి. 24.1 తర్వాత వెంటనే 25.9. కలిపితే 50.0. 24.4 తర్వాత 25.7, కలిపితే 50.1. మిగతా ఆరూ బంగారంలా ఉన్నాయి. అంటే మీ డ్రమ్ము ప్రతిసారీ సరిగ్గానే కొలుస్తోంది. కొలిచింది పూర్తిగా కిందికి రావడం లేదు, కొంత దారిలో చిక్కుకుని తర్వాతి డ్రాపుతో కలిసి పడుతోంది. సమస్య డ్రమ్ము దగ్గర కాదు, దాని కింద, పౌడరు కేసులోకి జారే గొట్టంలో, అదే డ్రాప్ ట్యూబ్‌లో ఎక్కడో ఉంది.

మీ పది డ్రాపుల సగటు సరిగ్గా రావడానికి కారణం కూడా ఇదే. ఒకటి అప్పుపడితే తర్వాతిది తీర్చేస్తోంది, గిన్నెలో మొత్తం 250.0 అయింది, మీరు మోసపోయారు. సగటు సెట్టింగు చూసుకోవడానికి పనికొస్తుంది, లోపం పట్టుకోవడానికి పనికిరాదు. డ్రమ్ము సెట్టింగు స్క్రూ లాక్ నట్ వదులై జరిగిపోయి ఉంటే అంకెలు ఒకే వైపు మెల్లగా పాకుతాయి. బాఫిల్ తేడా అయినా అంతే. ఇలా ఒకటి దిగి వెంటనే ఒకటి ఎగిరితే మాత్రం చిక్కుకోవడమే.

223 కేసు మెడ సన్నం కాబట్టి దానికి పెట్టే ట్యూబ్ కూడా సన్నం, అందులో పుల్లలు అడ్డంపడి వంతెన కట్టడం కొత్తేమీ కాదు. అయితే మీరు ఏడాదిగా ఇదే పౌడరు, ఇదే ట్యూబ్ వాడుతున్నారు కదా. ఈ మధ్య ఏం మారింది? విప్పారా? కడిగారా? నూనె పెట్టారా?

కొత్తబెంచ్:
ఇదిగో దొరికిపోయాను. రెండు వారాల కిందట విప్పి శుభ్రం చేశాను. హ్యాండిల్ కొంచెం బిగుతుగా ఉందని డ్రమ్ముకు గన్ ఆయిల్ రాశాను. రెండు చుక్కలే. ఇప్పుడు ఇయర్ బడ్ ట్యూబ్‌లో దూర్చి చూస్తే నల్లగా జిడ్డుగా వచ్చింది, దానికి నాలుగైదు పుల్లలు అతుక్కుని ఉన్నాయి. సిగ్గేస్తోంది.

చివరిపేజీ:
సిగ్గెందుకు, సగంమంది ఈ పని చేసినవాళ్లే. కొత్త మెజర్ డబ్బాలోంచి తీసినప్పుడు కూడా తుప్పు పట్టకుండా పూసిన నూనె ఉంటుంది, అది తుడవకుండా మొదలుపెట్టినా ఇదే కథ.

ముందు హాపర్ ఖాళీ చేయండి. నూనె తగిలిన డ్రమ్ము పక్కన ఉన్న పౌడరును మాత్రం డబ్బాలోకి తిరిగి పోయకండి, పారేయండి. నాలుగు గుప్పెళ్ల పౌడరు కోసం మొత్తం డబ్బాను అనుమానంలో పెట్టుకోవడం ఎందుకు. డ్రమ్ము, దాని గూడు, ట్యూబ్ అన్నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. హాపర్ ప్లాస్టిక్ కాబట్టి దానికి ఆల్కహాల్ వద్దు, సబ్బునీళ్లు చాలు, కానీ తడి పొడ లేకుండా ఆరాలి. హ్యాండిల్ బిగుతు అనిపిస్తే నూనె కాదు, గ్రాఫైట్ పొడి కొంచెం రాయండి. డ్రమ్ము బిగించే స్క్రూ కూడా చూడండి, మరీ బిగిస్తే హ్యాండిల్ పట్టేస్తుంది, మరీ వదిలేస్తే పౌడరు సందుల్లోంచి కారుతుంది. తిరిగి బిగించాక కొన్ని హాపర్ల పౌడరు అలా తిప్పి పోయండి, ఆ పౌడరు మీదుండే గ్రాఫైట్ లోపలంతా పల్చగా పూత పడుతుంది.

ఇంకోటి, పని అయ్యాక పౌడరును హాపర్‌లో వదిలేసే అలవాటు ఉందా? ప్లాస్టిక్ పసుపు రంగుకు తిరగడం అక్కడే మొదలవుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం, వారం తర్వాత వచ్చి అందులో ఏ పౌడరు ఉందో మర్చిపోవడం.

పాతచెయ్యి:
నేను పుల్లల మీద తోసేశాను, చివరిపేజీ చెప్పిందే కరెక్టు. ఆ 40 తూటాలు స్కేల్ మీద ఒక్కొక్కటి తూచి చూడు, తేడా ఉన్నవి పక్కన పెట్టు, సరిపోతుంది.

గ్రెయిన్‌లెక్క:
అది మాత్రం వద్దన్నా. ఒకే కంపెనీ ఖాళీ కేసులు పది తూచి చూడండి, వాటి మధ్యే ఒకటి రెండు గ్రెయిన్ల తేడా మామూలుగా వస్తుంది. దానికి బుల్లెట్ తేడా కలుస్తుంది. 0.9 గ్రెయిన్ పౌడరు ఎక్కువైన తూటా పూర్తి బరువులో మామూలుగానే కనిపించవచ్చు, మామూలుది అనుమానంగా కనిపించవచ్చు. ఇలా తూచి ఏరడం మనల్ని మనం సముదాయించుకోవడమే.

సుత్తిలా ఉండే బుల్లెట్ పుల్లర్‌తో 40 కూడా విప్పేయండి. కేసులు, ప్రైమర్లు, బుల్లెట్లు అన్నీ మళ్లీ వాడుకోవచ్చు, పోయేది పౌడరూ ఒక సాయంత్రమూ. మీ తూకం మాన్యువల్‌లోని గరిష్ఠానికి ఎంత దూరంలో ఉంది?

కొత్తబెంచ్:
సరిగ్గా ఒక గ్రెయిన్ తక్కువ. అంటే 25.9 దాదాపు అంచు మీద. నిన్న టార్చి వేయకపోయి ఉంటే? తలుచుకుంటేనే ఒళ్లు జలదరిస్తోంది. విప్పేస్తాను.

చివరిపేజీ:
మీకు అదృష్టం ఏమిటంటే 223లో పౌడరు కేసును దాదాపు నింపేస్తుంది, తేడా కంటికి తెలుస్తుంది. నేను 38 స్పెషల్ (రివాల్వర్ తూటా) కూడా చేస్తాను. అది పాతకాలపు నల్ల తుపాకిమందు నాటి కొలతల కేసు, నేటి వేగంగా మండే పౌడరు అడుగున కాస్త ఉంటుంది, రెండింతలు పడినా కేసు పొంగదు. అక్కడ మట్టం చూడకుండా బుల్లెట్ పెట్టేస్తే ఎవరూ కాపాడలేరు. పౌడరు అసలే పడకపోతే ఇంకో రకం తంటా, ప్రైమర్ ఒక్కటే పేలి బుల్లెట్ గొట్టం మధ్యలో ఆగిపోతుంది, వెనకే ఇంకోటి కాల్చామంటే గొట్టం చిరిగిపోతుంది.

కొత్తబెంచ్:
అప్‌డేట్. నిన్న రాత్రి అంతా విప్పి, ఆల్కహాల్‌తో తుడిచి, పొద్దుటిదాకా ఆరబెట్టి, గ్రాఫైట్ రాసి బిగించాను. మొదటి పదిహేను డ్రాపులు లెక్కలోకి తీసుకోలేదు. తర్వాత ఇరవై విడివిడిగా తూచాను: అన్నీ 24.9 నుంచి 25.1 మధ్యలోనే. హ్యాండిల్ కూడా మునుపటికంటే తేలిగ్గా తిరుగుతోంది, నూనె లేకుండానే. 40లో 31 విప్పాను, చెయ్యి నొప్పి పుట్టి ఆపాను, మిగతా తొమ్మిది రేపు. విప్పినవాటిలో పౌడరు తూచి చూస్తే 24.2 ఒకటి, 25.8 ఒకటి దొరికాయి.