దహీబాలో 2011లో ట్యునీషియా చేసింది సరైనదేనా?

తీరవాసి:
లిబియా అంతర్యుద్ధం గురించి చాలా చదివాం. పక్క దేశం పడ్డ అవస్థ గురించి మాట్లాడినవాళ్ళు తక్కువ. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ట్యునీషియా దక్షిణ కొసన, ఎడారి అంచున దహీబా అనే చిన్న ఊరుంది. సరిహద్దుకు అవతల లిబియా చెక్‌పోస్టు పేరు వాజిన్. 2011 ఏప్రిల్ 21న ఆ చెక్‌పోస్టు లిబియా పాలకుడు గడాఫీ సేనల నుంచి తిరుగుబాటుదారుల చేతికి వచ్చింది. 28న గడాఫీ సేనలు తిరిగి పట్టుకున్నాయి, కానీ ఆ పట్టు ఒక్క రోజు కూడా నిలవలేదు. ఆ పెనుగులాటలో గుండ్లు వచ్చి దహీబాలో పడ్డాయి. 29న గడాఫీ సైనికులు కొందరు తిరుగుబాటుదారులను తరుముకుంటూ వాహనాలతో సహా ఊళ్ళోకే వచ్చేశారు. ట్యునీషియా సైన్యం వాళ్ళను వెనక్కి పంపింది. ప్రభుత్వం గట్టిగా నిరసన తెలిపింది. గుండ్లు ఆగకపోవడంతో మే నెలలో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి వెళతామని హెచ్చరించింది. యుద్ధంలోకి మాత్రం దిగలేదు, సరిహద్దు గేటు కూడా మూయలేదు.

నా ఉద్దేశంలో అది ఎంతో నిబ్బరమైన పని. ట్యునీషియాను ఏళ్ళ తరబడి ఏలిన అధ్యక్షుడు బెన్ అలీ దేశం విడిచి పారిపోయి అప్పటికి మూడున్నర నెలలే. ఎన్నికైన ప్రభుత్వం లేదు. అయినా గేటు తెరిచి ఉంచింది, తుపాకీ అదుపులో ఉంచుకుంది. మీరేమంటారు?

సరిహద్దు జవాను:
పూర్తిగా ఏకీభవిస్తాను. సైన్యంలో ఇరవై రెండేళ్ళు పనిచేశాను, అందులో కొంతకాలం మిజోరంలో. గుండు వచ్చి మన వైపు పడినప్పుడు తిరిగి కాల్చకుండా ఉండటం ఎంత కష్టమో అక్కడ నిలబడ్డవాడికే తెలుసు.

ఎడారిలో పదేళ్ళు:
నేను లిబియాలో పదేళ్ళు సెంట్రింగ్ మేస్త్రీగా పనిచేశాను. ఇక్కడ రాసేవాళ్ళలో ఆ నేల తొక్కినవాళ్ళు ఎంతమంది?

తీరవాసి గారు ఒక ముఖ్యమైన సంగతి వదిలేశారు. వాజిన్ తిరుగుబాటుదారుల చేతికి వచ్చాక లిబియా వైపు నఫూసా కొండల్లోని నాలూత్, జింతాన్ ఊళ్ళకు తిండి, పెట్రోలు, మందులు వెళ్ళింది ఏ దారిన? దహీబా దారినే. గాయపడ్డ తిరుగుబాటుదారులు వైద్యానికి వచ్చింది ఎక్కడికి? ట్యునీషియాకే. ఒక పక్షానికి ఊపిరి పోస్తూ మేము తటస్థులం అంటే ఎలా కుదురుతుంది? ఇంట్లో ఒకడికి అన్నం పెట్టి, రెండోవాడు గుమ్మం తొక్కితే దండయాత్ర అనడం న్యాయం కాదు.

నల్లకోటు:
చట్టం ప్రకారం చూద్దాం. పారిపోతున్న వాణ్ణి వెంటాడి పక్క రాజ్యంలోకి వెళ్ళే హక్కు భూమి మీద లేదు. వెంటాడే హక్కు ఉన్నది సముద్రం మీద మాత్రమే. ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం 111వ అధికరణం చూడండి. అందులో కూడా పారిపోయే ఓడ మరో దేశపు ప్రాదేశిక జలాల్లోకి వెళ్ళగానే ఆ హక్కు ముగుస్తుంది. కాబట్టి ఏప్రిల్ 29న జరిగింది స్పష్టంగా సార్వభౌమత్వ ఉల్లంఘనే.

ఎడారిలో పదేళ్ళు:
సముద్రం సంగతి నేను అడగలేదు. అన్నం పెట్టిన సంగతి అడిగాను.

నల్లకోటు:
ఆహారం, వైద్యం ఇవ్వడం పక్షం వహించడం కాదు. ఆయుధాలు ఇస్తే వేరే మాట. పైగా ఒక దేశపు తిరుగుబాటుదారులకు పొరుగు నేల నుంచి సాయం అందిందే అనుకుందాం, అప్పుడు కూడా దాడికి కఠినమైన షరతులున్నాయి. 1837 డిసెంబరు 29న కెనడా తిరుగుబాటుదారులకు సరుకులు చేరవేస్తున్న కరొలీన్ అనే ఓడను బ్రిటిష్ వాళ్ళు నయాగరా నది దాటి అమెరికా ఒడ్డున తగలబెట్టారు. ఆ గొడవలోంచి పుట్టిన సూత్రమే ఇప్పటికీ ప్రమాణం: ఆత్మరక్షణ అవసరం అప్పటికప్పుడు ముంచుకొచ్చినదై ఉండాలి, మరో మార్గం గానీ ఆలోచించే వ్యవధి గానీ ఉండకూడదు. దహీబా అంగట్లో పెట్రోలు డబ్బాలు కొనుక్కోవడం ఆ కోవలోకి రాదు.

పాఠకుడు 47:
సరిహద్దు వెంట పెట్రోలు దొంగరవాణా యుద్ధానికి ముందు నుంచీ ఉంది కదా? అదేమీ కొత్త కాదు.

తీరవాసి:
నల్లకోటు గారూ, అమెరికా దాకా ఎందుకు? ట్యునీషియాకే స్వంత జ్ఞాపకం ఉంది. అల్జీరియా స్వాతంత్ర్య యుద్ధంలో యోధులు ట్యునీషియా సరిహద్దు ఊళ్ళలో తలదాచుకునేవారు. 1958 ఫిబ్రవరి 8న ఫ్రెంచి విమానాలు సఖియత్ సీదీ యూసుఫ్ అనే ఊరి మీద బాంబులు వేశాయి. అది సంత రోజు. సుమారు డెబ్బై మంది చనిపోయారు, వారిలో బడి పిల్లలున్నారు. అప్పుడు ఫ్రాన్సు చెప్పిన సాకు అక్షరాలా ఇదే: మీరు వాళ్ళకు ఆశ్రయం ఇస్తున్నారు కాబట్టి కొట్టాం. ఎడారిలో పదేళ్ళు గారు ఇప్పుడు గడాఫీ తరఫున ఆ సాకే చెబుతున్నారు.

ఎడారిలో పదేళ్ళు:
నేను ఎవరి తరఫునా చెప్పడం లేదు. మాటలు నా నోట పెట్టకండి.

నాకు ఏడు నెలల జీతం రావాలి. ఒక గృహ నిర్మాణ పథకంలో పనిచేసేవాణ్ణి. గుత్తేదారు సంస్థ అధికారులు ఫిబ్రవరి చివరి వారంలో ఒక రాత్రి కార్లెక్కి వెళ్ళిపోయారు. మా పాస్‌పోర్టులు ఆఫీసు బీరువాలో ఉన్నాయి. బీరువా పగలగొట్టి ఎవరివి వాళ్ళం ఏరుకున్నాం. ఆ డబ్బు నేటికీ రాలేదు. మా చెల్లెలి పెళ్ళి ఆగిపోయింది. విప్లవం, స్వేచ్ఛ అని మీరు ఇక్కడ కూర్చుని రాస్తున్నారే, ఆ తిరుగుబాటే లేకపోతే మాలాంటి వేల మంది వీధిన పడేవాళ్ళం కాదు. దాన్ని ఎగదోసిన ప్రతి దేశానికీ అందులో పాపం ఉంది. ట్యునీషియాకు కూడా.

సరిహద్దు జవాను:
మీ కష్టం నిజం. కానీ మీ జీతం పోయినందుకు, ఏ పాపమూ తెలియని ఒక ఊరి మీద గుండ్లు పడటం సబబు అంటారా? అది తర్కం కాదు, కడుపుమంట.

ఎడారిలో పదేళ్ళు:
అవును, కడుపుమంటే. కడుపు మాడినవాడికి ఉండేది అదే.

వేపచెట్టు:
కొంచెం ఆగండి ఇద్దరూ. నేను కూడా ఆ నేల తొక్కినదాన్నే. మా నాన్నగారు లిబియాలోని గర్యాన్‌లో కళాశాల అధ్యాపకులుగా చేశారు, నా చిన్నతనంలో నాలుగేళ్ళు అక్కడే ఉన్నాం. మా ఇంటి యజమాని కుటుంబానిది నాలూత్. అమాజిగ్ జనం. ఇంట్లో వాళ్ళ భాష మాట్లాడుకునేవారు, వీధిలోకి వస్తే అరబిక్. గడాఫీ కాలంలో పిల్లలకు ఆ భాషలో పేర్లు పెట్టుకోవడం కూడా నిషేధం. ఆ ఇంటి పెద్దావిడ మనవరాలిని ఇంట్లో ఒక పేరుతో, బడిలో మరో పేరుతో పిలవడం నేను చూశాను.

2011లో ఆ కుటుంబమంతా వాజిన్ దాటి ట్యునీషియాలోని తతావీన్ వైపు వెళ్ళింది. గుడారంలో ఉన్నది రెండు రాత్రులే. మూడో రోజు ముక్కూముఖం తెలియని ఒక ట్యునీషియా రైతు వచ్చి, తన ఇంట్లో రెండు గదులు ఖాళీ చేసి తీసుకెళ్ళాడు. ఆరు నెలలు ఉంచుకున్నాడు. అద్దె తీసుకోలేదు. ఇలాంటివి ఒకటీ రెండూ కాదు. ఆ కొండల నుంచి వచ్చిన వేల కుటుంబాల్లో ఎక్కువ మంది శిబిరాల్లో కాదు, ఇళ్ళలోనే తలదాచుకున్నారు. దహీబా జనానికీ నాలూత్ జనానికీ మధ్య పెళ్ళి సంబంధాలున్నాయి, పొత్తు వ్యాపారాలున్నాయి. ఆ గేటు తెరిచింది ట్యూనిస్‌లోని ప్రభుత్వం కాదు, ఆ ఊళ్ళ చుట్టరికం. దాన్ని ఒక పక్షానికి కొమ్ముకాయడం అంటే నాకు బాధ కలుగుతుంది.

మామిడితోట:
వేపచెట్టు గారూ, ఇది చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను.

సరిహద్దు జవాను:
చుట్టరికం సంగతి మిజోరంలో కళ్ళారా చూశాను. బర్మా వైపు ఉండే చిన్ జనానికి తియావు నది సరిహద్దు కాదు, ఊరి పక్క వాగు. బర్మాలో సైనిక తిరుగుబాటు తర్వాత వేల మంది వస్తే మిజోలు ఎవరి అనుమతీ అడగకుండా ఇళ్ళలో పెట్టుకున్నారు. 2023 నవంబరులో అదే దారిన బర్మా సైనికులు కూడా ప్రాణాలు దక్కించుకోవడానికి పరుగెత్తి వచ్చారు. వాళ్ళనూ కాపాడి, మరో చోటు నుంచి వెనక్కి పంపారు. వాజిన్ పడిపోయినప్పుడు గడాఫీ సైనికులు కూడా ట్యునీషియాలోకి వచ్చి లొంగిపోయారు, వాళ్ళకూ ప్రాణభయం లేకుండా పోయింది. గేటు దగ్గర నిలబడ్డవాడి ధర్మం అది. ఆయుధం కింద పెట్టు, లోపలికి రా. ఏ పక్షం అన్నది తర్వాత.

ఎడారిలో పదేళ్ళు:
ఏ పక్షం అన్నది తర్వాతా? నిజంగానా?

సరే, జీతం మాట పక్కన పెడతాను. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పని మాట చెబుతాను.

మా సైటులో ఇనుము కట్టే పని చేసే సూడాన్ మనిషి ఒకడుండేవాడు. దార్ఫూర్ వాడు. అక్కడి యుద్ధంలో ఊరు తగలబడితే లిబియా చేరాడు. నాలుగేళ్ళు ఒకే గదిలో ఉన్నాం. నాకు జ్వరం వస్తే గంజి కాచి ఇచ్చాడు. మార్చి మొదటి వారంలో మేము తొమ్మిది మందిమి కలిసి బయలుదేరాం. దారిలో జావియా ఊరు అప్పుడు తిరుగుబాటుదారుల చేతిలో ఉంది. తనిఖీ దగ్గర మమ్మల్ని వదిలేశారు, అతణ్ణి ఆపారు. నల్లవాడు కాబట్టి గడాఫీ కిరాయి సైనికుడు అన్నారు. వాడి చేతులు చూడండి, తుప్పు మరకలు చూడండి, ఇనుము పనివాడు అని నాకు వచ్చిన అరబిక్‌లో బతిమాలాను. తుపాకీ మడమతో భుజం మీద కొట్టారు. రెండు గంటల తర్వాత వదిలారు. సరిహద్దు దగ్గర గడాఫీ సైనికులు మా ఫోన్ల సిమ్ కార్డులు, ఉన్న దినార్లు లాక్కున్నారు. ఆ పక్షమూ చూశాను, ఈ పక్షమూ చూశాను.

తీరం దగ్గరి సరిహద్దు గేటు రస్ అజ్దీర్ దాటాం. అటువైపు ట్యునీషియా జనం కార్ల డిక్కీల్లో రొట్టెలు, ఉడికించిన గుడ్లు తెచ్చి పంచుతున్నారు. అది అబద్ధం చెప్పను. ఒక ముసలాయన గుడ్డు వలిచి నా చేతిలో పెట్టాడు. చలికి నా వేళ్ళు వంగడం లేదు. కానీ గేటుకు ఇవతల, ట్యునీషియాలో మమ్మల్ని ఉంచిన షూషా శిబిరంలో ఏం జరిగింది? మన ప్రభుత్వం లిబియా నుంచి పదిహేను వేల మందికి పైగా వెనక్కి తెచ్చింది. నాకూ విమానం దొరికింది. ఈజిప్టు వాళ్ళు వెళ్ళారు, బంగ్లాదేశ్ వాళ్ళు రోజుల తరబడి గాలిలో, ఇసుకలో పడుకుని చివరికి వెళ్ళారు. అతడు ఎక్కడికి వెళ్ళాలి? దార్ఫూర్‌కా? ఆ తర్వాత నెలలో లిబియా కుటుంబాలు వచ్చాయి. వాళ్ళకు ఇళ్ళు దొరికాయి. ఆ నల్లవాళ్ళకు గుడారమే మిగిలింది. ఆ శిబిరాన్ని మూసింది 2013లో. రెండేళ్ళు. వేపచెట్టు గారు చెప్పిన చుట్టరికం గొప్పదే. చుట్టాలు లేనివాడి సంగతి ఏమిటి?

పాఠకుడు 47:
నేను పైన రాసిన పెట్రోలు మాట వెనక్కి తీసుకుంటున్నాను.

నల్లకోటు:
శరణార్థుల ఒప్పందం 1951 ప్రకారం జాతిని బట్టి వివక్ష చూపకూడదని మూడో అధికరణంలోనే ఉంది. మీ మిత్రుడికి రక్షణ హక్కు ఉంది.

ఎడారిలో పదేళ్ళు:
హక్కు ఉందని నాకు తెలుసు. గది లేదు.

తీరవాసి:
నేను నిబ్బరం అన్నప్పుడు దహీబా ఒక్కటే నా కళ్ళ ముందుంది. రస్ అజ్దీర్ కూడా అదే సరిహద్దు, అదే వసంతం. అది ఒప్పుకుంటాను. కానీ ఒకటి అడుగుతాను. దానికి విరుగుడు గేటు మూయడమా? 2015లో ట్యునీషియాలోని సూస్ బీచిలో ముప్పై ఎనిమిది మందిని కాల్చి చంపాక ట్యునీషియా రస్ అజ్దీర్ నుంచి దహీబా దిక్కుగా సుమారు 200 కిలోమీటర్ల ఇసుక గట్టు, కందకం కట్టింది. అయినా 2016 మార్చిలో సరిహద్దు దగ్గరి ట్యునీషియా పట్టణం బెన్ గెర్దాన్ మీద దాడి జరిగింది. దాడి చేసినవాళ్ళలో ఎక్కువ మంది ట్యునీషియా వాళ్ళే. కందకం ఎవరిని ఆపింది?

ఎడారిలో పదేళ్ళు:
గేటు మూయమని నేను ఏ పోస్టులో రాశాను? పైకి వెళ్ళి చదవండి. తటస్థం అనే మాట వాడకండి అన్నాను. వాళ్ళు తమవాళ్ళ పక్షం వహించారు. తమవాళ్ళు కాబట్టి గుండ్లు పడుతున్నా ఓర్చుకున్నారు. అది మానవ సహజం, తప్పు కూడా కాదు. కానీ దాన్ని అందరి కోసం తెరిచిన తలుపు అని రాస్తే, ఆ తలుపు ముందు రెండేళ్ళు కూర్చున్నవాడు ఈ లోకంలో లేనట్టే అవుతుంది.

వేపచెట్టు:
మా నాన్నగారికి మీ పోస్టు చదివి వినిపించాను. ఆయన ఒక్కటే అడిగారు, ఆ దార్ఫూర్ అబ్బాయి తర్వాత ఏమయ్యాడని.

సరిహద్దు జవాను:
నేనూ అదే అడుగుదామనుకున్నాను. ఇందాక కడుపుమంట అన్న మాటకు క్షమించండి. గేటు దగ్గర నిలబడ్డవాడి ధర్మం గురించి మాత్రం నా మాట మారదు.

ఎడారిలో పదేళ్ళు:
బస్సు ఎక్కేముందు నా దుప్పటి అతనికి ఇచ్చాను. సిమ్ కార్డులు పోయాయి కదా, ఒకరి నంబరు ఒకరి దగ్గర లేదు. మా ఊరి పేరు ఒక సిగరెట్టు పెట్టె మీద ఇంగ్లీషులో రాసి ఇచ్చాను. ఇంటి నంబరు రాయలేదు. మా ఊళ్ళో అప్పటికి ఇళ్ళకు నంబర్లు లేవు.