పాతబడిన వినైల్ లైనర్: అతుకు వేయాలా, మార్చేయాలా?

ప్రశ్న (ఎడిసన్, న్యూజెర్సీ నుంచి)

అందరికీ నమస్కారం. మేము 2021లో ఎడిసన్‌లో కొనుక్కున్న ఇంటి పెరట్లో 18 అడుగుల వెడల్పు, 36 అడుగుల పొడవు ఉన్న ఈతకొలను ఉంది. గోడలు ఉక్కు పలకలవి, లోపల వినైల్ లైనర్, అంటే నీటిని పట్టి ఉంచే ప్లాస్టిక్ పొర, పరిచి ఉంది. లోతు ఒక చివర మూడున్నర అడుగులు, రెండో చివర ఎనిమిది అడుగులు. పాత యజమాని అప్పగించిన కాగితాలను బట్టి ఈ లైనర్‌ను 2012లో వేయించారు. ఇన్నేళ్లూ పెద్దగా ఇబ్బంది పెట్టలేదు గానీ, ఈ వేసవి పూల్ తెరిచినప్పటి నుంచి నాలుగు విషయాలు నన్ను కలవరపెడుతున్నాయి. నీటి అంచు పొడవునా నీలిరంగు వెలిసి దాదాపు తెల్లబడింది. మెట్ల ముందు అడుగుభాగంలో కాలికి తగిలేంత మడతలు రెండు లేచాయి. లోతు వైపు ఒక మూలలో లైనర్ అంచు తన గాడిలోంచి సుమారు అడుగు పొడవున ఊడివచ్చింది. వీటన్నిటికన్నా ముఖ్యంగా, రోజుకు ముప్పావు అంగుళం నీరు తగ్గిపోతోంది.

ముగ్గురు పూల్ వాళ్లను పిలిపించి చూపించాను. వయసు అయిపోయింది కాబట్టి వెంటనే మార్చేయమని మొదటివారు అన్నారు. అతుకు వేస్తే ఇంకా రెండేళ్లు ధీమాగా వాడుకోవచ్చని రెండోవారు అన్నారు. నీళ్లన్నీ తోడేసి లోపల చూస్తే తప్ప ఏమీ చెప్పలేమన్నది మూడోవారి మాట. మాకు చెప్పిన ధరలు 5,000 డాలర్లకు పైనే ఉన్నాయి. అవసరమైతే పెట్టడానికి వెనుకాడను, కానీ ఏ గుర్తును చూసి నిర్ణయం తీసుకోవాలో తెలియక ఆగిపోయాను. ఇలాంటి కొలనులు చాలాకాలంగా వాడుతున్నవారు దయచేసి సలహా చెప్పగలరు.

సమాధానం (బక్స్ కౌంటీ, పెన్సిల్వేనియా నుంచి)

మీరు చెప్పిన నాలుగూ ఒకే జబ్బు లక్షణాలు కావండి. విడివిడిగా చూస్తేనే నిర్ణయం తేలుతుంది. మాకు ఇలాంటి కొలను పద్నాలుగేళ్లుగా ఉంది, ఒకసారి లైనర్ మార్పించాము కూడా.

ముందుగా రంగు సంగతి. ఎండకూ క్లోరిన్‌కూ నీటి అంచు దగ్గర రంగు వెలియడం సహజం. ఎన్ని ఉతుకులకు రంగు వెలిసినా నేత చెక్కుచెదరని చీరలు మన ఇళ్లలో లేవా? అందుచేత రంగు ఒక్కదాన్నే చూసి వేల డాలర్లు పెట్టకండి. గాడిలోంచి అంచు ఊడిరావడం కూడా దానంతట అది పెద్ద లోపం కాదు. మరిగిన నీళ్లు ఆ మూల మీద నెమ్మదిగా పోస్తే వినైల్ మెత్తబడి సాగుతుంది, అప్పుడు అంచును తిరిగి గాడిలోకి నొక్కి, మళ్లీ జారకుండా సన్నని ప్లాస్టిక్ పట్టీని బిగించవచ్చు. అయితే సాగదీసేటప్పుడు అది సాగుతుందా, చిరుగుతుందా అన్నదే అసలు పరీక్ష.

ఆ పరీక్షను ముందే చేసి చూడండి. నీటికి పైన, ఎండ ఎక్కువగా పడే వైపు, ఊడివచ్చిన అంచును రెండు వేళ్లతో పట్టుకొని మెల్లగా మడవండి. మెత్తగా వంగి, వదలగానే మామూలైతే ఆ లైనర్‌కు ఇంకా ఆయుష్షు ఉన్నట్టే. అలా కాక అట్టముక్కలా బిగుసుకొని ఉండి, మడత మీద వెంట్రుకవాసి బీటలు కనిపిస్తే, వినైల్‌ను మెత్తగా ఉంచే పదార్థం ఇంకిపోయిందన్నమాట. ఎండలో ఏళ్లతరబడి నిలబెట్టిన స్కూటర్ సీటు రెక్సిన్ ఎలా పెళుసెక్కి పగులుతుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఇదీ అదే జాతి వస్తువు, ఇదీ అలాగే పోతుంది. ఆ దశకు వచ్చినదానికి అతుకు వేస్తే అతుకు నిలుస్తుంది, దాని పక్కన చిరుగుతుంది.

ఇక నీరు తగ్గడం. ఒక బకెట్‌ను పూల్ నీటితో నింపి, అంచు మాత్రం నీటికి పైన ఉండేలా మెట్టు మీద పెట్టి, లోపలి మట్టాన్నీ బయటి మట్టాన్నీ గుర్తు పెట్టి 24 గంటలు వదిలేయండి. బకెట్‌లో తగ్గినది ఆవిరి, అంతకు మించి పూల్‌లో తగ్గినది కారుడు. ఒకరోజు పంపు వేసి, మరోరోజు ఆపి చేయండి. పంపు నడుస్తున్నప్పుడు ఎక్కువగా పోతే, నీటిని తిరిగి కొలనులోకి తోసే పైపులను అనుమానించాలి. రెండుసార్లూ సమానంగా పోతే లైనర్‌నూ, స్కిమ్మర్‌నూ (నీటి మీద తేలే చెత్తను లాగే గోడలోని నోరు) అనుమానించాలి.

సమాధానం (లాంగ్ ఐలాండ్, న్యూయార్క్ నుంచి)

మూడోవారి మాట విని నీళ్లన్నీ తోడించవద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆ తప్పు మేము చేశాము. ఏడేళ్ల కిందట ఏప్రిల్‌లో, అడుగున పేరుకున్న ఆకుల కుళ్లు శుభ్రం చేయిద్దామని ఒక సంస్థ చెప్పిన సలహా ప్రకారం కొలనును పూర్తిగా ఖాళీ చేయించాము. అప్పటికి మా లైనర్ వయసు పదకొండేళ్లు. నీటి బరువు పోగానే అది గోడను వదిలేసి ముడుచుకుపోవడం మొదలుపెట్టింది. మూడోనాటికి లోతు వైపు మూలలో లైనర్‌కూ గోడకూ మధ్య నా పిడికిలి పట్టేంత సందు ఏర్పడింది. తిరిగి నీళ్లు నింపుతుంటే ఆ మూల బిగుసుకొని, గోడ అడుగును కలిసేచోట జానెడు పొడవున చిరిగింది. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకున్నట్టయింది. వేసవి సగం గడిచాక గానీ కొత్త లైనర్ రాలేదు, పిల్లలకు ఆ ఏడాది ఈత లేకుండా పోయింది. ఖాళీ చేయడమంటూ జరిగితే అది కొత్త లైనర్ ఇంటికి వచ్చాక, దాన్ని వేసే రోజునే జరగాలి.

సమాధానం (మేరీల్యాండ్ నుంచి)

పై ఇద్దరూ చెప్పినది నిజం. నేను సివిల్ ఇంజనీరును, ఈ విషయాన్ని లైనర్ వెనుక నుంచి చూడమని మనవి చేస్తాను. ఇలాంటి కొలనులో నీటి భారాన్ని మోసేది లైనర్ కాదు. దాని వెనుక ఉన్న ఉక్కు గోడలు, వాటి వెనుక నింపిన మట్టి, అడుగున గట్టిగా సాపు చేసిన ఇసుక, సిమెంటు పొర కలిసి ఆ భారాన్ని మోస్తాయి. లోపలి నీరు ఒకవైపు నుంచి నెడుతుంటే బయటి మట్టి రెండోవైపు నుంచి నెడుతుంది. మంచు కరిగి నేల నానిపోయిన రోజుల్లో లోపలి నీటిని తీసేస్తే గోడ లోపలికి ఒరిగే ప్రమాదం ఉంది. భూమిలోని నీటిమట్టం కొలను అడుగును దాటి పైకి వస్తే లైనర్ నేలను వదిలి తేలుతుంది, తర్వాత ఆ నీరు దిగిపోయినా మడతలు మిగిలిపోతాయి. మీ మెట్ల ముందు మడతలు భారీ వానల తర్వాత కనిపించాయా, లేక నెమ్మదిగా వచ్చాయా అన్నది గుర్తు చేసుకోండి. నీటి పీహెచ్ చాలాకాలం 7 కన్నా దిగువన, అంటే నీరు ఆమ్లంగా, ఉన్నా వినైల్ ముడతలు పడుతుంది. వానల వల్లనే అయితే మడతలు లైనర్ తప్పు కావు, కొత్తది వేసినా మళ్లీ వస్తాయి. ముందు కొలను చుట్టూ నీరు పోయే దారి సరిచేయాలి.

లెక్క ఒకటి చెబుతాను. మీ కొలతలున్న కొలనులో ఒక్క అంగుళం నీరంటే సుమారు 400 గ్యాలన్లు. అందులో సగం కారుతున్నదనుకున్నా రోజుకు 200 గ్యాలన్లు లైనర్ వెనక్కి పోతున్నాయి. నీటి బిల్లు సంగతి అలా ఉంచండి, ఆ నీరు అడుగున ఇసుకను కోసి గుంటలు చేస్తుంది, ఉక్కు పలకలకు తుప్పు పట్టిస్తుంది. లైనర్‌ను మార్చడం ఒక ఖర్చు, గోడను బాగుచేయించడం దానికి ఎన్నో రెట్ల ఖర్చు. కాబట్టి నా దృష్టిలో వయసు కన్నా, రంగు కన్నా, ఎక్కడ కారుతున్నదో తెలియని కారుడే తొందరపడవలసిన గుర్తు. చోటు తెలిసి, అది చిన్నదై, లైనర్ మెత్తగా ఉంటే అతుకు వేయండి. చోటు తెలియకపోతే వారాల తరబడి ఆగకండి.

ప్రశ్న అడిగినవారి జవాబు

మీ ముగ్గురికీ నా హృదయపూర్వక కృతజ్ఞతలు. చెప్పినట్టే చేశాను. బకెట్‌లో పావు అంగుళం తగ్గితే పూల్‌లో ముప్పావు అంగుళం తగ్గింది. పంపు వేసినా ఆపినా తేడా లేదు. శనివారం ఉదయం గాలి లేనప్పుడు పంపు ఆపి, నీరు పూర్తిగా నిలకడగా అయ్యాక, వంటల్లో వాడే ఎరుపు రంగును సూదిలేని సిరంజిలో నింపుకొని నీళ్లలో దిగాను. మెట్ల అంచుల దగ్గర, నీరు తిరిగి వచ్చే రంధ్రాల దగ్గర వదిలిన చుక్కలు అక్కడే పొగలా నిలిచిపోయాయి. స్కిమ్మర్ నోటి చుట్టూ ఉన్న ప్లాస్టిక్ ఫలక కింది కుడిమూల దగ్గర వదలగానే మాత్రం, ఎరుపంతా సన్నని దారంలా సాగి ఫలక కిందికి వెళ్లిపోయింది. కళ్లద్దాలు పెట్టుకొని దగ్గరగా చూస్తే ఫలక కింది నుంచి మొదలై దిగువకు రెండు అంగుళాల చీలిక కనిపించింది.

ఇక మడత పరీక్షలో మా లైనర్ నెగ్గలేదు. ఎండ వైపు అంచును వంచగానే తెల్లని గీతలు, వాటి మధ్య సన్నని బీటలు వచ్చాయి. మడతలు మాత్రం మార్చి నెలలో వారం రోజులు వాన కురిశాక వచ్చినవే. చీలికకు అతుకు వేయించి ఈ వేసవి గడుపుకొని, సెప్టెంబరులో కొత్తది వేయించాలని అనుకుంటున్నాను. వచ్చే మే నెల దాకా ఆగడం మంచిదంటారా?

సమాధానం (బక్స్ కౌంటీ నుంచి)

సెప్టెంబరే మంచిదండి. పెళుసెక్కిన లైనర్‌ను శీతకాలంలోకి తీసుకెళ్లవద్దు. చలికి అది ఇంకా బిగుసుకుంటుంది, కవర్ కింద ఎక్కడైనా చిరిగితే ఏప్రిల్ దాకా మీకు తెలియదు. నీరు దిగిపోతే కవర్‌కు కింద ఆధారం లేక మంచు బరువుకు అదీ పోతుంది. పైగా మే నెలలో అందరూ ఒక్కసారే ఎగబడతారు. కొలతలు తీసుకొని లైనర్ చేయించడానికి వారాలు పడుతుంది కాబట్టి ఆగస్టులోనే ఆర్డర్ ఇవ్వండి. వెచ్చని ఎండ ఉన్న రోజున వేస్తే వినైల్ బాగా సాగి మూలల్లో చక్కగా కూర్చుంటుంది.

అతుకు విషయంలో ఒక జాగ్రత్త తీసుకోండి. నీటిని స్కిమ్మర్ నోటికి ఆరేడు అంగుళాల దిగువకు మాత్రమే దించండి. ఫలక విప్పి కొత్త గ్యాస్కెట్ (నీరు కారకుండా ఫలక వెనుక బిగించే మెత్తని పొర) వేయించి, చీలిక మీద అతికే ముక్క నాలుగు మూలలనూ గుండ్రంగా కత్తిరించండి. మూలలు కోసుగా ఉంటే అవే ముందుగా లేస్తాయి.

కొత్తదానికి ధర మాట్లాడుకునేటప్పుడు మందం ఎంతో కాగితం మీద రాయించుకోండి. కొందరు గోడకు ఒక మందం, అడుగుకు అంతకన్నా పలుచనిది వాడి, పెద్ద అంకె ఒక్కటే చెబుతారు. హామీ చాలావరకు లైనర్ ముక్కలను ఫ్యాక్టరీలో కలిపిన జోడింపులకే ఉంటుంది, అదీ ఏడాదికేడాది తగ్గుతూ పోతుంది. రంగు వెలియడం, ముడతలు దానిలోకి రావు. స్కిమ్మర్, మెట్లు, అడుగు డ్రెయిన్, నీరు తిరిగివచ్చే రంధ్రాలు, వీటన్నిటి గ్యాస్కెట్లూ ఫలకలూ కొత్తవి వేయడం ఆ ధరలో ఉన్నదో లేదో అడగండి. పాత లైనర్ తీసిన రోజున తప్పకుండా ఇంటి దగ్గర ఉండండి. స్కిమ్మర్ కింద ఉక్కు పలకకు తుప్పు పట్టిందేమో, అడుగున ఇసుక కోసుకుపోయిందేమో కొత్తది పరచకముందే మీ కళ్లతో చూసి ఫొటోలు తీసుకోండి. మీ దగ్గర నీరు కారినది ఆ స్కిమ్మర్ వైపే కాబట్టి ముందుగా ఆ గోడనే చూపించమనండి.